ఇసుర్రాయి మంచం మీద తిరగదు

మనిషిని చూడగానే లోపల ఏముందో చెప్పేస్తానని రామేశ్వర్‌రావు సార్‌కు గట్టి నమ్మకం. సైకాలజీ లెక్చరర్ కదా, ఆ మాత్రం ధీమా ఉంటుంది. అంతటి మనిషి తన క్లాసులో వెనక బెంచీ మీద కూర్చునే అనసూర్యను చూసి, "ఈ పిల్ల నోట్లో నాలుక లేనిది, చెప్పింది చెప్పినట్టు రాసుకొస్తుంది" అనుకున్నాడు. పాపం! ఆ ఒక్క అంచనాకు ఆయన అనుభవించింది అంతా ఇంతా కాదు.

అది 1986. కరీంనగర్‌లోని ఆ ఆడపిల్లల కాలేజీలో కొత్త పద్ధతి ఒకటి పెట్టారు. డిగ్రీ చివరి ఏడాది పిల్లలు ఒక్కొక్కరు ఒక విషయం తీసుకుని, నలుగురిలో తిరిగి, కళ్లతో చూసి ప్రాజెక్టు రాయాలి. దాని మీద గైడ్ సంతకం పెట్టాలి. సంతకం లేకపోతే ప్రాజెక్టు లేదు. ప్రాజెక్టు లేకపోతే డిగ్రీ లేదు. అంతే సంగతి.

రామేశ్వర్‌రావు సార్‌కు సంగీతమంటే ప్రాణం. జగిత్యాల వైపు ఒక పల్లెలో వాళ్లకు కోటలాంటి పెద్ద దొరల ఇల్లు, గడి ఉండేది. రైతుకూలీ సంఘాల వాళ్లు ఊళ్లలోకి వచ్చాక దానికి తాళం వేసి, కుటుంబమంతా కరీంనగర్‌కు చేరారు. గడి పోయినా దొరతనం పోలేదు, వీణ క్యాసెట్లూ పోలేదు. ఫలానా రాగం వింటే ఫలానా రోగం పోతుందని ఆయన సిద్ధాంతం. దాన్ని ఎవరైనా రుజువు చేసి పెడితే బాగుండునని ఎన్నాళ్లుగానో ఆశ. అందుకే "వైద్యంలో సంగీతం పాత్ర" అనే విషయం తెచ్చి అనసూర్య చేతిలో పెట్టాడు.

అనసూర్య కాదనలేదు. ఆమెకు ఆ విషయం నిజంగానే కావాలి. మెట్‌పల్లిలో ఆమె తండ్రి పర్శరాములు నేత పని చేసేవాడు. చేతి మగ్గం మీద కూర్చున్నన్నాళ్లు పొద్దున మొదలుపెట్టిన పాట అన్నం వేళ దాకా నడిచేది. మరమగ్గం కూలికి పోవడం మొదలయ్యాక పాట మానేశాడు. "గా సప్పుడుల నా పాట నాకే ఇనస్తలేదు, ఎవలి కోసం పాడాలె?" అనేవాడు. పాట పోయిన ఏడాదే ఆయనకు భుజాల నొప్పి పట్టుకుంది. ఆ రెండింటికీ సంబంధం ఉందో లేదో అనసూర్యకు తెలియదు. తెలుసుకోవాలని మాత్రం చిన్నప్పటి నుంచీ ఉంది.

ఊళ్లో ఒక ఆసుపత్రిలో ఆడవాళ్ల ఎముకల వార్డు చూపించాడు సార్. పొలం గట్టు మీద జారినవాళ్లు, మోరీ పక్కన పడినవాళ్లు, బస్సు మెట్టు తప్పినవాళ్లు. కట్టు విప్పాక అందరిదీ ఒకటే గోస. భుజం బిగుసుకుపోతుంది. "రోజు చెయ్యి గుండ్రంగ తిప్పాలె, లేకుంటే ఇగ జన్మల లేవది" అని డాక్టర్ కరుణాకర్‌రావు చెప్పి పోయేవాడు. చెప్పడానికేం! తిప్పితే ప్రాణం మీదికి వచ్చే నొప్పి. దేవకి సిస్టర్ వచ్చి ఒకరి చెయ్యి పట్టుకుందంటే వార్డంతా ఒర్రుడే. వీణ వినిపిస్తే నొప్పి తగ్గి, చేతులు వాటంతట అవే లేస్తాయని సార్ లెక్క.

అనసూర్య టేప్‌రికార్డర్ తెచ్చి కిటికీలో పెట్టింది. వీణ మొదలైంది. మంద్రంగా, నిదానంగా సాగుతోంది. మూలనున్న మంచం మీద లింగవ్వ అనే బీడీలు చుట్టే ఆమె చప్పున లేచి కూర్చుంది.

"ఎవలు సచ్చిపోయిండ్రు బిడ్డా?" అని అడిగింది.

"ఎవలు సావలేదవ్వా. ఇది సంగీతం."

"నాకు చెప్పకు. రెండేండ్ల కింద ఢిల్లీల పెద్దామె పోయినప్పుడు రేడియోల గిదే మోగింది. మాటల్లేవు, పాటల్లేవు, వార్తలు కాంగనే మళ్ల గిదే టింగుటింగు. చెప్పు, ఎవలు పోయిండ్రు?"

పక్క మంచం ఆమె "అయ్యో, ఎంత పనాయె" అని ముక్కు చీదింది. అనసూర్య ఎవరూ పోలేదని చెప్పినకొద్దీ వాళ్లకు అనుమానం బలపడింది. "పిల్లకు చెప్పొద్దన్నట్టున్నరు" అని ఒకామె మిగతావాళ్లకు సర్ది చెప్పింది కూడా. మాట వార్డు దాటి వరండాలోకి, వరండా దాటి గేటు బయటికి పోయింది. చాయ్ హోటల్ హనుమండ్లు బంద్ అవుతుందేమోనని షట్టర్ సగం దించేశాడు. బస్సులు నడుస్తాయో లేదో కనుక్కోవడానికి ఒకాయన బస్టాండుకు ఉరికాడు. చివరికి డాక్టర్ కరుణాకర్‌రావే వచ్చి, "ఏమైందట, రేడియోల ఏం చెప్పిండ్రు?" అని అనసూర్యనే అడిగాడు. ఆమె గబుక్కున టేపు ఆపేసింది.

తర్వాతి రోజుల్లో చావు భయం పోయింది కానీ, చావుకు చూపే మర్యాద పోలేదు. వీణ మోగగానే వార్డంతా తలలు వంచుకుని, కదలకుండా, మెదలకుండా కూర్చునేవారు. చెయ్యి తిప్పమంటే "గీ సప్పుడు మోగంగనా? తప్పు కాదు!" అనేవారు. సరిగ్గా అప్పుడు రామేశ్వర్‌రావు సార్ చూడటానికి వచ్చాడు. వంచిన తలలను చూసి ఆయన కళ్లు చెమర్చాయి. "చూసినవా అనసూర్యా, ఎంత ప్రశాంతత!" అన్నాడు. అసలు సంగతి చెప్పబోతే వినలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఇట్లా ఉండగా ఒకరోజు దేవకి సిస్టర్ లింగవ్వ చెయ్యి పట్టుకుని తిప్పబోయింది. లింగవ్వ ఒక్క గుంజు గుంజి విడిపించుకుంది.

"ఇడువు తల్లీ! ఉత్త గాలిల చెయ్యి తిప్పుమంటే నేనేమన్న పిచ్చిదాన్నా? చేతిల పని లేంది చెయ్యి ఎందుకు తిరుగుతది?"

"మరి ఇంటికాడ ఎట్ల తిరుగుతుండె అవ్వా?" అని అనసూర్య అడిగింది.

"ఇసుర్రాయి ముందట కూసుంటే అదే తిరుగుతుండె. పాట ఎత్తుకున్నమంటే రాయి బరువే తెల్వకపోతుండె. గీ గోసంత ఉంటుండెనా?"

అనసూర్య ఆ మాటను వదిలిపెట్టలేదు. నేరుగా పోయి డాక్టర్‌ను అడిగింది. ఆయన ముందు నవ్వాడు, తర్వాత తన చెయ్యే గాలిలో ఒకసారి గుండ్రంగా తిప్పి చూసుకున్నాడు. "తిరగాల్సింది ఇట్లనే కదా. చిన్న రాయి పెట్టు, బరువుది వద్దు" అన్నాడు. హాస్టల్‌లో వంట చేసే పోశవ్వ దగ్గర పప్పు విసిరే చిన్న ఇసుర్రాయి ఉంది. అనసూర్య దాన్ని రిక్షాలో పెట్టుకుని తెచ్చి, వార్డు మధ్యలో గోనె పరిచి దింపింది. "ఇగ కానియ్యుండ్రి" అంది గర్వంగా.

ఎవరూ కదలలేదు.

"జొన్నలేవి?" అంది లింగవ్వ.

"జొన్నలెందుకు? ఉత్తగ తిప్పితే సాలు కద."

అంతే, వార్డు భగ్గుమంది! "ఉత్త ఇసుర్రాయి తిప్పుతరా ఎవలన్న? ఇల్లు ఉత్తదైతది!" అని ఒకామె, "సదువుకుంటున్నవు, గీ మాత్రం ఎర్క లేదా? మీ అవ్వ నీకేం నేర్పింది?" అని ఇంకొకామె. విరిగిన చేతులతోనే కొట్టేలా ఉన్నారు. అనసూర్యకు తెలియక కాదు. చిన్నప్పుడు ఉత్త రాయి తిప్పినందుకు తల్లి చేతి దెబ్బలు తిన్న పిల్లే. ప్రాజెక్టు ధ్యాసలో మరిచిపోయింది. చదువు నెత్తికెక్కితే ఇదే తంటా. మళ్లీ రిక్షా ఎక్కి పోయి జొన్నలు తెచ్చింది.

లింగవ్వ ఒక పక్క, పక్క మంచం ఆమె ఒక పక్క ఎదురెదురుగా కూర్చున్నారు. ఇద్దరూ రాయి తిప్పే పిడి కట్టె పట్టుకున్నారు. మొదటి చుట్టుకే లింగవ్వ "సచ్చిన్రో!" అని కేక పెట్టింది. రెండో చుట్టుకు పళ్లు కొరుక్కుంది. తర్వాత ఆమె పాట ఎత్తుకుంది, ఎదుటామె అందుకుంది. చూస్తుండగానే చెయ్యి నిండు చుట్టు చుట్టసాగింది. సిస్టర్ ఎన్నడూ తిప్పలేనంత దూరం పోయి వస్తోంది. గిన్నె జొన్నలు అయిపోయాక లింగవ్వ చెంగుతో ముఖం తుడుచుకుంటూ, అదే చెయ్యి అంత పైకి లేచిందని తనే చూసుకుని నోరు తెరిచింది. దేవకి సిస్టర్ "ఓయమ్మో!" అంది. ఆ సాయంత్రం హాస్టల్‌లో ఆ పిండితో గట్క వండారు.

అక్కడి నుంచి అనసూర్య నిజంగా చదవడం మొదలుపెట్టింది. పాట ఒక్కటే పెట్టి చూసింది. ఆడవాళ్లు మెచ్చుకుంటూ విన్నారు, చేతులు కదల్లేదు. రాయి ఒక్కటే పెట్టి, పాడకుండా విసరమంది. కాసేపటికే నొప్పని లేచిపోయారు. పాడుతూ విసిరితేనే నొప్పిని దాటుకుని పోతున్నారు. వినడం వేరు, పాడటం వేరు. మందు సంగీతంలో ఉందేమో గానీ, మింగాల్సింది ఎవరి నోటితో వాళ్లే. ఆమె ఇదే రాసి సార్ ముందు పెట్టింది.

ఆయన చదివి కళ్లజోడు తీశాడు. "ఇందులో సంగీతమేది?"

"పాటున్నది కద సార్."

"ఇది సంగీతం కాదు, పని. కూలోళ్ల కూనిరాగాలు సంగీతమైతే ఇగ సభలెందుకు, సాధన ఎందుకు?"

"వీణ పెడితే చెయ్యి లేవలే సార్. పాడితే లేసింది. నేనేం చేయాలె?"

"వీణతో లేసిందని రాయాలె."

ఆ మాట అనేశాక ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. పడ్డాడు గానీ వెనక్కి తీసుకోలేదు.

"లేవలేదని నా కండ్లతోని చూసిన సార్. రాయ" అంది అనసూర్య. నోట్లో నాలుక లేని పిల్ల!

"పరీక్షలదాక టైమున్నది. సంతకం కావాల్నో వద్దో ఆలోచించుకో" అన్నాడాయన.

ఆ నెలలోనే సార్ తల్లి తారాబాయి స్నానాల గదిలో జారి పడింది. భుజం విరిగింది. అదే ఆసుపత్రిలో, వరండాకు అవతల స్పెషల్ రూములో పెట్టారు. కట్టు విప్పాక ఆమె భుజమూ బిగుసుకుంది. ఎముకకు దొరలూ కూలీలూ అన్న తేడా తెలియదు కదా. కొడుకు ప్రేమగా వీణ క్యాసెట్లు తెచ్చి పొద్దూమాపూ పెట్టాడు. ముసలావిడ విన్నది, కునికింది, విన్నది. చెయ్యి పక్కటెముకలను అంటుకుని అట్లాగే ఉంది. "ఇంకొన్ని దినాలు గిట్లనే ఉంటే ఇగ ఆశ లేదు" అని డాక్టర్ తేల్చేశాడు. అవతలి వార్డులో మాత్రం ఆడవాళ్లు పాడుతూనే ఉన్నారు, ఒక్కొక్కరే బాగై ఇళ్లకు పోతూనే ఉన్నారు.

రామేశ్వర్‌రావు సార్ తల్లి కోసం ఆ పాటలను క్యాసెట్‌లోకి ఎక్కించుకుపోయి వినిపించాడు. దాంతోనూ చెయ్యి లేవలేదు. లేవదని అనసూర్య ముందే రాసింది కదా! అప్పుడు ఆయన ఆమెను పిలిపించాడు.

"మంచిగ పాడే ఇద్దర్ని మా అమ్మ రూముకు పంపు. ఇసుర్రాయి కూడ అక్కడికే తెమ్మను. అమ్మ మంచం మీద ఉండి చూస్తది, వింటది, మెల్లగ చెయ్యి కలుపుతది. వాళ్లకు చీరెలు పెట్టిస్త. నీ ప్రాజెక్టు కూడ నువ్వు రాసినట్టే ఉండని, సంతకం పెడత."

చూశారా, ఎంత తేలిక! ఒక్క మాట అంటే చాలు, డిగ్రీ చేతికి వస్తుంది. లింగవ్వను అడిగితే నవ్వుకుంటూ పోయి పాడి వచ్చేదేమో కూడా. కానీ అనసూర్యకు ఆ తేలికే నచ్చలేదు. గడిలోకి ఆడవాళ్లను పిలిపించి విసిరించుకునే రోజులు పోయాయని అందరూ అంటారు. ఎక్కడికి పోయాయి? స్పెషల్ రూముకు వచ్చాయి.

"పంప సార్" అంది.

"ఎందుకు?"

"వాళ్లు రోగులు సార్, పనోళ్లు కాదు. చెయ్యి కావాల్నంటే మీ అమ్మనే వార్డుకు రమ్మనుండ్రి."

"మా అమ్మ ఆ గోనె మీద కూసుంటదా? ఎవలతోని మాట్లాడుతున్నవో ఎర్కనేనా?"

"ఎర్కనే సార్. గందుకే చెప్తున్న."

ఆ ఆదివారం పర్శరాములు బిడ్డను చూడటానికి సజ్జ రొట్టెలు కట్టుకుని హాస్టల్‌కు వచ్చాడు. సంగతి విని ఆయన ముఖం పాలిపోయింది. "దొరలతోని మనకెందుకు బిడ్డా? గింత దూరమొచ్చినంక సదువు ఆగం చేసుకుంటవా?" అన్నాడు. అనసూర్య ఒక రొట్టె తీసి తండ్రి చేతిలో పెట్టింది. ఆయన రొట్టె తుంచాడు గానీ తినలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "మా బాపు గడికి చీరెలు ఊకెనే నేసి ఇచ్చిండు. పండుగకో చీరె, పెండ్లికో చీరె. ఇచ్చి ఇచ్చి నడుమొంగి సచ్చిండు. నువ్వు పాట ఊకెనే ఇయ్యకు బిడ్డా. ఏమైతదో గానియ్యి."

తండ్రి అట్లా అన్నాక అనసూర్యకు ఏనుగు బలం వచ్చింది. మర్నాడు పొద్దున్నే స్పెషల్ రూము తలుపు తట్టింది.

తారాబాయి దిండుకు ఆనుకుని కూర్చుంది. పలచటి మనిషి, పదునైన కళ్లు. "నా కొడుకు మాట కొట్టేసిన పిల్లవు నువ్వేనానే?" అంది.

"నేనే అవ్వా."

"అవ్వనా? నన్ను ఎవలు గట్ల పిలువరు."

"మా ఊర్ల పెద్దోళ్లందరిని గట్లనే పిలుస్తం. మీకు వద్దనిపిస్తే మానేస్త."

ముసలావిడ వద్దనలేదు, ఊఁ అనలేదు. "ఆ ఆడోళ్లను ఇక్కడికి పంపితే నీ సొమ్మేం పోతదే?"

"నా సొమ్మేం పోదు. మీ చెయ్యే పోతది. వింటే రాదవ్వా, ఇసిరితేనే వస్తది. నొస్తది, ఏడుపొస్తది, అయినా ఇసరాలె. మీకు బదులు ఇంకొకరు ఇసిరితే వాళ్ల చెయ్యే బాగైతది."

"కింద కూసోవాల్నా?"

"ఇసుర్రాయి మంచం మీద తిరగదు కదవ్వా."

తారాబాయి ఆమెను ఎగాదిగా చూసింది. "ఎంత పొగరే నీకు! పో ఇగ" అంది. అనసూర్య వచ్చేసింది. పని చెడిందనే అనుకుంది.

మరుసటి రోజు వార్డులో జొన్నలు పోస్తుండగా వరండాలో కర్ర చప్పుడైంది. తారాబాయి! గంజి పెట్టిన నేత చీరె, విరిగిన చెయ్యి ఒంటికి అదుముకుని, రెండో చేత్తో కర్ర. దేవకి సిస్టర్ పట్టుకోబోతే విదిలించుకుంది. వార్డులో ఆడవాళ్లు గబగబా లేచి నిలబడ్డారు, కొంగులు భుజాల మీదికి లాక్కున్నారు. ఎన్నేళ్ల అలవాటు, ఒక్కరోజులో పోతుందా? లింగవ్వ మాత్రం లేవలేదు. రాయి ముందు అట్లాగే కూర్చుని ఉంది.

తారాబాయి మూలుగుతూ గోనె మీద కూలబడి కట్టె పట్టుకుంది. "పాడు" అంది లింగవ్వతో.

"నేనెత్తుకోను" అంది లింగవ్వ.

"ఎందుకు?"

"మా అవ్వ గసొంటి గడిలనే ఇసిరి ఇసిరి పోయింది. ఆమె పాడింది, మీరు ఇన్నరు. ఇప్పుడు మీరు ఎత్తుకోండ్రి, నేను అందుకుంట."

"నాకు పాటలు రావు."

"రాకుంటే పొయ్యి పండుకోండ్రి."

అనసూర్య జొన్నల గిన్నె కింద పెట్టేసింది. ఇంత దూరం వచ్చిన మనిషి లేచి పోతుందేమో! ఆపాలని నోటి దాకా వచ్చింది. ఆపలేదు. లింగవ్వ మాటలో తప్పేముంది? తారాబాయి తల దించుకుంది. రాయి ఒకసారి తిరిగింది, ఆమె పెదవులు తెల్లబడ్డాయి. రెండోసారి తిరిగింది. అప్పుడు ఎవరికీ కాకుండా రాయికి చెప్తున్నట్టు ఎత్తుకుంది.

"దొడ్డు జొన్నలు పోస్తివమ్మా దొరసానీ
సన్న పిండి అడుగుతివమ్మా దొరసానీ
నీ ఇంటి గంప నిండుతున్నది దొరసానీ
నా ఇంటి పొయ్యి సల్లగున్నది దొరసానీ"

కొత్త కోడలిగా గడిలో అడుగుపెట్టిన నాటి నుంచీ గోడ అవతల వినపడిన పాట అది. విసిరేవాళ్లు ఆమె మీదే కట్టుకుని, ఆమె వినడం లేదనుకుని పాడుకున్న పాట. ఆమె అంతా విన్నది. ఒక్క మాట మరవలేదు. ముసలావిడ కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. అది నొప్పో, సిగ్గో, కోపమో ఎవరికి తెలుసు! రాయి మాత్రం ఆపలేదు.

"నీ చెయ్యి ఒక్కపారి ఇరుగాలె దొరసానీ
నా రాయి బరువు ఎర్కగావాలె దొరసానీ"

లింగవ్వ ముందు నోరు తెరిచి చూసింది. తర్వాత ఫక్కున నవ్వింది. నవ్వి, అదే చరణాన్ని గొంతెత్తి అందుకుంది. ఇద్దరి చేతుల కింద రాయి గిర్రున తిరిగింది. మంచాల మీద ఉన్నవాళ్లంతా అందుకున్నారు. అనసూర్య ఏడుస్తూ నవ్వుతూ జొన్నలు పోసింది. గుమ్మంలో రామేశ్వర్‌రావు సార్ పళ్ల సంచీతో నిలబడి, తల్లి తనను తాను తిట్టుకుంటూ పాడుతున్న పాటను మొదటి నుంచి చివరి దాకా విన్నాడు. లోపలికి రాలేదు.

తారాబాయి ఆ రోజు నుంచి రోజూ వచ్చింది. ఇంటికి పోయేనాటికి చెయ్యి భుజం ఎత్తు దాకా లేచింది.

కథ ఇక్కడ ఆగితే ఎంత బాగుండేది! సార్ మనసు మారింది, సంతకం పెట్టాడు, అందరూ సుఖంగా ఉన్నారు అని చెప్పేయవచ్చు. కానీ మనుషులు అంత తొందరగా మారరు. ప్రాజెక్టు చివరి పేజీలో అనసూర్య ఆ సంగతి రాసింది. పేరు రాయలేదు, ఊరు రాయలేదు. "గడిలో బతికిన ఒక వృద్ధురాలు" అని మాత్రం రాసి, పాట మొత్తం దించింది. సార్ ఆ పేజీ తీసి బల్ల మీద విడిగా పెట్టాడు.

"ఇది తీసెయ్. మిగతాదంత ఉండనియ్యి. ఇప్పుడే సంతకం పెడత."

"గదే కద సార్ అసలుది. మిగతాది దాని కోసమే రాసిన."

"నా ఇంటి పరువు నీ డిగ్రీకి సరుకా?"

"పేరు రాయలే సార్. పరువు మీరే పోనిచ్చుకుంటున్నరు. ఆమె నలుగుర్ల కూసోని పాడింది. ఆమెకు లేని సిగ్గు మీకెందుకు?"

ఆయన సంతకం పెట్టలేదు. అనసూర్య డిగ్రీ ఆ ఏడాది ఆగిపోయింది. తోటి పిల్లలందరూ పాసై పోయారు. మెట్‌పల్లిలో వాడకట్టు వాడకట్టంతా "ఒక్క కాయితం చింపితే పోయేదానికి గింత మొండితనమా" అని బుగ్గలు నొక్కుకుంది. పర్శరాములు మాత్రం ఎవరేమన్నా "నా బిడ్డ కాయితం, నా బిడ్డ ఇష్టం" అని మరమగ్గం పనికి పోయేవాడు. డాక్టర్ కరుణాకర్‌రావు ఆమెను ఊరికే కూర్చోనీయకుండా వార్డులో వ్యాయామం చేయించే పనికి పిలిచాడు. ఆమె బతుకంతా ఇక అదే పని అయింది. తొంభైలలో ఆసిఫాబాద్‌లో, ఆ తర్వాత ఆదిలాబాద్‌లో చేసింది. ఆదిలాబాద్‌లో మరాఠీ ఆడవాళ్లు ఇసుర్రాయిని జాతం అంటారు, వాళ్ల విసుర్ల పాటలు వాళ్లకున్నాయి. అవేవీ అర్థం కాకపోయినా ఆమె ఎదురుగా కూర్చుని కట్టె పట్టుకునేది.

అదంతా తర్వాతి మాట. ఏడాది తిరిగి మళ్లీ ప్రాజెక్టు ఇచ్చే రోజు వచ్చింది. "ఇంకో సార్ కింద పెట్టుకో అమ్మా, ఇప్పటికైనా ఒడ్డున పడతవు" అని ప్రిన్సిపాలే చెప్పింది. అనసూర్య ఒప్పుకోలేదు. సంతకం పెట్టనన్న చేతితోనే పెట్టించుకుంటానని, రామేశ్వర్‌రావు సార్ గదికే పోయింది.

ఆయన కొంచెం చిక్కిపోయి ఉన్నాడు. పేజీలు మెల్లగా తిప్పాడు. చివరి పేజీ దగ్గర ఆగాడు. పాట అట్లాగే ఉంది, గడి ముసలావిడ అట్లాగే ఉంది.

"ఏడాది పోగొట్టుకున్నవు. ఒక్క మాటన్న మార్చలేదా?" అన్నాడు.

"మార్చిన సార్, ఒక్కటి" అంది అనసూర్య. "పోయినేడు ఆమె చెయ్యి భుజం దాక లేస్తున్నదని రాసిన. మొన్న మీ ఇంటికి పోయి చూసొచ్చిన. పనామెను ఎదురుంగ కూసోబెట్టుకోని రోజు ఇసురుతున్నదట. కొప్పు తనే ముడుసుకుంటున్నది. గందుకు నెత్తి మీదికి లేస్తున్నదని మార్చిన."

రామేశ్వర్‌రావు సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంట్లో రోజూ పొద్దున ఆ పాట వింటున్న మనిషి ఇంకేమంటాడు? పెన్ను తీసి సంతకం పెట్టాడు.